కోవూరు నర్సరీలో కలుపు: మందుకు ముందు నేల, మందు తర్వాత నీళ్లు

నెల్లూరు నుంచి కోవూరు దాటి కావలి వైపు వెళ్లే దారిలో, హైవేకి తూర్పున ఉన్న నర్సరీ ఇది. రెండెకరాలకు కాస్త తక్కువ. నేల ఇసుక కలిసిన ఒండ్రు. సగం షేడ్ నెట్ కింద, సగం బయట ఎండలో. నెట్ కింద క్రోటన్లు, అరెకా పామ్, కొత్తగా గుచ్చిన కొమ్మ ముక్కలు. బయట నూరు వరహాలు, కాగితం పూలు, గన్నేరు, నందివర్ధనం, టేకోమా, గోల్డెన్ డ్యూరాంటా. మొక్కలు చాలావరకు కడియం నుంచి చిన్న కవర్లలో దిగుతాయి. ఇక్కడ పెద్ద కవర్లలోకి మార్చి, ఆరు నెలలో ఏడాదో పెంచి, వెంచర్లకు, రొయ్యల ఫ్యాక్టరీల ఆవరణలకు, రోడ్డు కాంట్రాక్టర్లకు అమ్ముతారు. నర్సరీ వెనక ఒక మురుగు కాలువ ఉంది, దాని కింద రొయ్యల చెరువులు. మందు ఏ రోజు కొట్టాలో చాలావరకు తేల్చింది ఆ చెరువులే కాబట్టి వాటి సంగతి తర్వాత చెప్తాను.

యజమాని ఆగస్టు చివర్లో ఫోన్ చేశాడు. "రెండు సార్లు కలుపు మందు కొట్టించా అన్నా, గెడ్డి మొలస్తానే ఉంది. మందు డూప్లికేటేమో" అని అనుమానం. వెళ్లి డబ్బా చూశాను. పెండిమిథాలిన్ 30 ఇసి, అంటే నూటికి ముప్పై పాళ్లు మందు, ద్రావణిలో కరిగించిన రకం. సీలు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొట్టిన పద్ధతి అడిగితే విషయం తెలిసింది. గడ్డి నాలుగు వేళ్ల ఎత్తు పెరిగాక, దాని మీదే కొట్టారు. తర్వాత ఎప్పటిలాగే డ్రిప్ వదిలారు.

ఆ రెండు ముక్కల్లోనే కేసు అంతా ఉంది. పెండిమిథాలిన్ మొలిచిన గడ్డిని చంపే మందు కాదు. గింజ పగిలి వేరు, మొలక బయటికి వచ్చే సమయంలో వాటి కొనల్లో కణాలు చీలకుండా అడ్డుపడుతుంది. వేరు కొన ఉబ్బి ఆగిపోతుంది, మొలక నేల పైకి రాకముందే చచ్చిపోతుంది. అప్పటికే వేరు దిగి నాలుగాకులు వేసిన మొక్కకు అది పసుపు నీళ్లతో సమానం. షాపులో "కలుపు మందు" అని అడిగితే ఏదో ఒకటి ఇస్తారు. మొలవక ముందు కొట్టేదా, మొలిచాక కొట్టేదా అని అడిగే షాపు దొరకడం అదృష్టమే.

డ్రిప్ సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఈ మందు నీటిలో దాదాపు కరగదు, లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా కాదు. అందుకే అది లోతుకు దిగదు, నేల పై రెండు మూడు సెంటీమీటర్లలోనే అంటుకుని ఉంటుంది. గింజలు మొలిచేదీ అక్కడే కాబట్టి అది మనకు మంచిదే. కానీ కొట్టిన వెంటనే అది నేల పైపైనే ఉంటుంది. అక్కడే వదిలేస్తే మన ఎండకు కొంత ఆవిరైపోతుంది, కొంత వెలుతురుకు విరిగిపోతుంది. పైనుంచి పడే నీళ్లే దాన్ని మట్టిలోకి దించాలి. డ్రిప్ ఆ పని చేయలేదు. డ్రిప్పర్ కింద ఒక గుండ్రం మాత్రం తడుస్తుంది, మిగతా నేలలో మందు దుమ్ములా పడి ఉంటుంది. ఈ జిల్లాల్లో ల్యాండ్‌స్కేప్ తోటలు చాలావరకు డ్రిప్ మీదే నడుస్తున్నాయి. "మందు పనిచేయలేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వస్తాయని నా అభిప్రాయం.

గింజ ఎక్కడి నుంచి వస్తోంది

మందు పేరెత్తే ముందు కలుపు రకాలు చూశాం. కవర్లలో ఎక్కువగా ఉన్నవి నేల ఉసిరి, రెడ్డివారి నానబాలు, గంగపావిలి, పులిచింత, గలిజేరు. కవర్ల మధ్య దారుల్లో గడ్డి చేమంతి, వయ్యారిభామ, ఊద, గరిక. ఒక మూల తుంగ. కలుపు తీసే ఆడవాళ్లకు వీటి గురించి నాకంటే బాగా తెలుసు. వాళ్లలో పెద్దావిడ పులిచింత కాయను వేళ్ల మధ్య నొక్కి, గింజలు ఎగిరి పక్క కవర్లో పడటం చూపించింది. "ఇది కాయ గట్టినాక పీకితే పీకినట్టు గాదబ్బయా, చల్లినట్టే" అంది. నేల ఉసిరీ అంతే, కాయ ఎండితే గింజ చిమ్ముతుంది. చుట్టూ కవర్లు ఆనుకుని ఉండే నర్సరీలో ఒక్క మొక్క కాయ కట్టినా పక్క వరసలకు పాకుతుంది.

తర్వాత ట్రేల పరీక్ష పెట్టాం. ఎవరైనా చేసుకోవచ్చు, ఖర్చేమీ ఉండదు. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు దేనికదే వేరు వేరు ట్రేల్లో పోసి, నాలుగో ట్రేలో మూడూ కలిపిన మిశ్రమం పోసి, రోజూ నీళ్లు చల్లుతూ రెండు మూడు వారాలు చూడాలి. ఇక్కడ ఎరువు ట్రేలో తోటకూర, గలిజేరు మొలకలు చాపలా వచ్చాయి. ఎర్రమట్టి ట్రేలో మొలకలు తక్కువే, కానీ మూడు చోట్ల తుంగ లేచింది. ఇసుక దాదాపు శుభ్రం. అంటే కలుపును యజమానే ఎరువుతో పాటు డబ్బిచ్చి కొంటున్నాడు. ఎరువు దిబ్బ తిరగేసి, తడిపి, వేడెక్కనిచ్చి మగ్గబెడితే చాలా గింజలు చస్తాయి. ఆయన తెచ్చేది పై పొర ఎండి, లోపల సగం పచ్చిగా ఉన్న ఎరువు.

దీనికి మందు పరిష్కారం కాదు. ఎరువు తెచ్చే చోటు మార్చి, కుప్ప పోసి తిరగేసే పని మొదలుపెట్టించాం. మట్టి మాత్రం అప్పటికప్పుడు మార్చలేదు. దాని ఫలితం తర్వాత ఏడాది కనబడింది.

ఏ మందు, ఎక్కడ

అమెరికా నర్సరీల పుస్తకాలు చూస్తే పూల మొక్కల కోసమే తయారైన గుళికల మందులు చాలా కనిపిస్తాయి: ఆక్సాడయజాన్, ప్రోడయామిన్, ఐసాక్సాబెన్, ఫ్లుమియాక్సాజిన్, ఇండజిఫ్లామ్ లాంటివి. మన షాపులకు వెళ్తే లేబుల్ మీద కనిపించేవి పంటల పేర్లే. పెండిమిథాలిన్ మీద గోధుమ, పత్తి, సోయా లాంటివి, ఆక్సీఫ్లోర్‌ఫెన్ మీద ఉల్లి, ఆలుగడ్డ, టీ లాంటివి. నూరు వరహాల పేరు ఎక్కడా ఉండదు. అందుకే యజమానికి మొదట చెప్పింది ఇదే: లేబుల్‌లో లేని మొక్క మీద వాడితే నష్టం మన నెత్తిన పడుతుంది, కంపెనీని అడిగే దారి లేదు. ఉద్యాన అధికారితో మాట్లాడి, ప్రతి రకం నుంచి కొన్ని కవర్లు పక్కన పెట్టి, వాటి మీద ముందు చూసి, కొన్నాళ్లు గమనించాకే మిగతావాటికి వెళ్లాలి. ఆయనకు ఓపిక తక్కువ, అయినా ఒప్పుకున్నాడు.

షాపులో ఇచ్చిన సలహాలు కొన్ని అక్కడే కొట్టేశాం. అలాక్లోర్ పాత స్టాకు ఉందన్నారు. అది 2020 చివరి నుంచి మన దేశంలో నిషేధం. అట్రాజిన్, మెట్రిబుజిన్, డైయూరాన్ లాంటివి వద్దన్నాను. ఇవి వేరు ద్వారా ఎక్కి ఆకులో ఆహారం తయారయ్యే పనిని ఆపుతాయి. వీటిలో మెట్రిబుజిన్ నీటిలో బాగా కరుగుతుంది. సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న ఇసుక నేలలో అది నిలవదు, నీటితో పాటు మన మొక్క వేరు దాకా దిగుతుంది. చెరకు, మొక్కజొన్న తట్టుకునే మందును కవర్లోని నందివర్ధనం తట్టుకోవాలని లేదు. ఉన్న కలుపును కాల్చడానికి గ్లైఫోసేట్ అన్నారు. 2022 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలి. ఆ సంగతి పక్కన పెట్టినా, కవర్ల మధ్య దాని తుంపర ఎగిరితే అమ్మే సరుకే పోతుంది. ఉన్న గడ్డిని చేత్తోనే తీయించాం.

మిగిలినవి రెండు. పెండిమిథాలిన్ గడ్డి జాతి మీద, గంగపావిలి, తోటకూర, గలిజేరు లాంటి చిన్న గింజల కలుపు మీద బాగా పనిచేస్తుంది. చేమంతి కుటుంబం మీద బలహీనం, అంటే గడ్డి చేమంతి, వయ్యారిభామ తప్పించుకుంటాయి. ఆక్సీఫ్లోర్‌ఫెన్ 23.5 ఇసి పనితీరు వేరు. అది నేల మీద పలచని పొరలా నిలిచి, ఆ పొరను పొడుచుకుని పైకి వచ్చే మొలకను వెలుతురులో కాల్చేస్తుంది. వెడల్పాకు కలుపు మీద ఇది నయం. కానీ మన మొక్క లేత ఆకు మీద పడితే దాన్నీ కాలుస్తుంది, మచ్చలు పడతాయి. షేడ్ నెట్ లాంటి కప్పు కింద దాని ఆవిరి కూడా ప్రమాదమే.

దాంతో పంపకం ఇలా కుదిరింది. నెట్ లోపల ఏ మందూ లేదు. కొమ్మ ముక్కలు వేరు తొడిగే చోట పెండిమిథాలిన్ అసలు వద్దు, అది ఆపేదే వేరు ఎదుగుదలను. బయట కవర్ల మీద పెండిమిథాలిన్, అదీ 30 ఇసి కాదు, 38.7 సిఎస్. సిఎస్ రకంలో మందు సన్నని గుళికల్లో బందీగా ఉంటుంది కాబట్టి ఆవిరి తక్కువ, వాసన తక్కువ, ఆకును కాల్చే ద్రావణి కూడా తక్కువ. మొక్కలు లేని దారుల్లో, కంచె వెంట ఆక్సీఫ్లోర్‌ఫెన్.

కొత్తగా కవర్ మార్చిన మొక్కలకు ఒక షరతు పెట్టాం. మార్చాక రెండు మూడు సార్లు నిండా నీళ్లు పోసి, మట్టి సర్దుకుని, పగుళ్లూ సందులూ మూసుకున్నాకే మందు. మట్టి వదులుగా ఉండగా కొడితే మందు సందుల్లోంచి నేరుగా వేరు మీదికి పోతుంది. అలా దెబ్బ తిన్న మొక్క వెంటనే చావదు. మొదలు దగ్గర కాండం ఉబ్బి పెళుసవుతుంది, కొన్ని నెలల తర్వాత గాలికి అక్కడే విరుగుతుంది. అప్పటికి మందు సంగతి ఎవరికీ గుర్తుండదు, "వేరు తెగులు" అంటారు.

సెంటు లెక్క

నర్సరీ పనివాళ్లకు ఎకరా లెక్క పనికిరాదు. వాళ్లు ఒకసారి పదిహేను సెంట్లు, ఇంకోసారి నాలుగు సెంట్లు కొడతారు. అందుకే అన్నీ సెంటుకు మార్చి గోడ మీద రాశాం. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు, 20 అడుగుల వెడల్పు 22 అడుగుల పొడవు అనుకోవచ్చు. పెండిమిథాలిన్ 38.7 సిఎస్ పొలాల్లో ఎకరాకు 700 మిల్లీలీటర్లు, కాబట్టి సెంటుకు 7. నీళ్లు ఎకరాకు 200 లీటర్లు, సెంటుకు 2. అంటే 16 లీటర్ల ట్యాంకు 8 సెంట్లకు రావాలి, అందులో మందు 56 మిల్లీలీటర్లు. ఆక్సీఫ్లోర్‌ఫెన్ ఎకరాకు 200, సెంటుకు 2 మిల్లీలీటర్లు, అదే ట్యాంకుకు 16. మూతతో కొలవడం మాన్పించి, గీతలున్న చిన్న గ్లాసు కొనిపించాను.

ఇక్కడ చాలామంది తడబడేది కవర్ల లెక్క దగ్గర. "వెయ్యి కవర్లకు ఎంత మందు" అని అడుగుతారు. మందు పడేది నేల మీద. కవర్లు ఆనించి పెట్టినా, ఎడంగా పెట్టినా, కొట్టే జాగాయే లెక్క. ఎడంగా పెడితే సగం మందు దారిలో పోతుంది. అందుకే కొట్టే ముందు కవర్లను దగ్గరికి జరిపించాం.

ట్యాంకు 8 సెంట్లకు సరిపోతుందో లేదో ముందు ఉత్త నీళ్లతో చూడాలి. మొదటిసారి చూస్తే 5 సెంట్లకే అయిపోయింది. పురుగు మందు కొట్టే కోన్ నాజిల్, అరిగిపోయిన వాషర్, కుర్రాడి నిదానం నడక. అదే కలిపిన మందుతో అయితే ఒకటిన్నర రెట్లు పైగా పడేది. విసనకర్రలా పలచగా చల్లే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ వేసి, నడక సరిచేసుకుని, మళ్లీ నీళ్లతో చూసి, ఆ తర్వాతే మందు కలిపాం. కలుపు మందుకు ట్యాంకు వేరుగా ఉండాలన్నది అందరికీ తెలిసిన మాటే, పాటించేవాళ్లు తక్కువ. ఇక్కడ ఎర్ర రంగు పూసి వేరు చేశారు.

నీళ్ల లెక్క కూడా సెంటుకే కట్టాం. మందు దిగడానికి ఒక సెంటీమీటరు నీళ్లు కావాలి. సెంటుకు అది సుమారు 400 లీటర్లు. రోజ్ (చిల్లుల మూతి) తగిలించిన పైపుతో, వాన చినుకులా, మందు కొట్టిన రోజే పోయాలి. పైపు నోరు వేలితో నొక్కి దూరంగా చిమ్మే అలవాటు ఇక్కడి పనివాళ్లకు ఉంది. ఆ ధార కవర్ పై మట్టిని గుంట చేస్తుంది, ఆ గుంటలో మందు పొర మిగలదు. ఇందులో మందు కొట్టేవాడి కంటే నీళ్లు పోసేవాడి పనే ముఖ్యమని యజమానికి చెబితే మొదట నవ్వాడు.

రొయ్యల చెరువులు, ఈశాన్యం

నెల్లూరు జిల్లాకు నైరుతి కంటే ఈశాన్యమే పెద్ద వాన. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే పడుతుంది. కలుపు కూడా అప్పుడే పెద్ద ఎత్తున మొలుస్తుంది. కాబట్టి మందు పొర ఆ వానలకు ముందే నేలలో ఉండాలి. వాన మొదలై పచ్చగా లేచాక చేసేది మళ్లీ చేతి కలుపే. ఇంతవరకు లెక్క సులువు.

చిక్కు ఏమిటంటే పెండిమిథాలిన్, ఆక్సీఫ్లోర్‌ఫెన్ రెండూ చేపలకు, రొయ్యల జాతి జీవులకు బాగా విషం. పెండిమిథాలిన్ నీటిలో కరగకపోయినా మట్టి రేణువులను పట్టుకుని వాటితో పాటు కొట్టుకుపోతుంది. మందు కొట్టిన మర్నాడు వాయుగుండం పట్టి పది సెంటీమీటర్ల వాన పడితే, నర్సరీ బురద అంతా వెనక కాలువలోకి, అక్కడి నుంచి ఎవరో నీళ్లు తోడుకునే చెరువులోకి పోతుంది. కోస్తా మండలాల్లో ఇది ఊహించుకున్న భయం కాదు. రొయ్య చస్తే చెరువు రైతుకు పోయేది లక్షల్లో ఉంటుంది.

అందుకే సెప్టెంబరు చివరి పది రోజులను ఎంచుకున్నాం. వాతావరణ శాఖ సూచన చూసి, రెండు మూడు రోజులు పెద్ద వాన లేదనుకున్నప్పుడే కొట్టాలి. ఒక్క రోజులో అంతా కొట్టకుండా ముక్కలుగా కొట్టాం. దిగువ వైపు మురుగు నోటికి మట్టి గట్టు వేయించి, కాలువ పక్కన మూడు మీటర్ల పట్టీ అసలు మందు లేకుండా వదిలేశాం. ఆ పట్టీలో గడ్డి ఉంటే ఉండనీ, కోసి పెట్టుకుంటే చాలు, బురదను ఆపేదీ అదే. ట్యాంకు కడిగిన నీళ్లు కూడా కాలువలో పారబోయకుండా దారుల మీదే చల్లించాం. ఖాళీ డబ్బాలను మూడుసార్లు కడిగి, చిల్లు పెట్టి పక్కన పెట్టారు.

పూట విషయంలో కొంత వాదన జరిగింది. పనివాళ్లు సాయంత్రం కొడదామన్నారు. ఇక్కడ మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది, తుంపర ఎటు పోతుందో చెప్పలేం. తెల్లవారుజామున గాలి ఉండదు, కానీ ఆకుల మీద మంచు తడి ఉంటుంది, దాని మీద పడ్డ మందు అక్కడే అంటుకుంటుంది. మంచు ఆరి, గాలి లేవకముందు ఉండే రెండు మూడు గంటలే మనకు మిగిలేది. అప్పుడే కొట్టి, ఆ వెంటనే పైనుంచి నీళ్లు పోసి, ఆకుల మీద పడిన మందును కూడా కిందికి కడిగేశాం.

ఏం జరిగింది

ముందు పరీక్ష వరసలు. కాగితం పూలు, గన్నేరు, నూరు వరహాలు, టేకోమా, నందివర్ధనాల్లో పెండిమిథాలిన్ వల్ల తేడా కనబడలేదు. పోల్చి చూడటానికి దారి అంచున ఉన్న కొన్ని డ్యూరాంటా కవర్ల మీద కావాలనే ఆక్సీఫ్లోర్‌ఫెన్ పడనిచ్చాం. లేత చిగుళ్ల మీద ఎర్రటి మచ్చలు పడి, ఆకు ముడుచుకుంది. తర్వాతి చిగురు శుభ్రంగా వచ్చింది. మొక్క చావదు, కానీ నెలన్నర పాటు ఆ కవర్‌ను ఎవరూ కొనరు. నర్సరీకి అది నష్టమే.

అక్టోబరు వానల్లో తేడా స్పష్టంగా కనబడింది. మందు పడని పట్టీ పక్కన నిలబడి చూస్తే ఒక వైపు పచ్చ చాప, ఇంకో వైపు మట్టి. కవర్లలో గలిజేరు, గంగపావిలి దాదాపు లేవు. నేల ఉసిరి అక్కడక్కడా వచ్చింది. గడ్డి చేమంతి అనుకున్నట్టే తప్పించుకుంది, గాలికి ఎగిరి వచ్చే గింజ కదా. పదిహేను రోజులకో చుట్టు కలుపు తీసేవాళ్లు, ఈసారి నెలన్నర దాకా అవసరం రాలేదు. అప్పుడు కూడా పని తేలిక, ఒంటరిగా లేచిన మొక్కలను రెండు వేళ్లతో పీకడమే. కలుపు కూలీలు పూర్తిగా మానుకోవచ్చని యజమాని అనుకున్నాడు. అలా జరగదని ముందే చెప్పాను. మందు తప్పిన మొక్కను కాయ కట్టకముందు పీకకపోతే రెండో దఫాకు కొత్త గింజ సిద్ధంగా ఉంటుంది.

మధ్యలో ఒక బ్లాకులో మాత్రం కలుపు బాగా లేచింది. మందు అదే, రోజు అదే, నీళ్లూ పోశారు. ఎందుకో మొదట అర్థం కాలేదు. ఆరా తీస్తే ఆ బ్లాకులో నవంబరు మొదట్లో కవర్లలో మట్టి గుల్ల చేశారని తెలిసింది. మొక్కకు గాలి ఆడుతుందని చిన్న పారతో పై మట్టి తిరగేసే అలవాటు ఉంది కదా, మంచి ఉద్దేశంతోనే చేశారు. మందు పొర కిందికి పోయి, కింద నిద్రపోతున్న గింజ పైకి వచ్చింది. గాలివానకు పడిపోయి, మట్టి ఒలికి, మళ్లీ నింపిన కవర్లలోనూ ఇదే కనబడింది. అరిసె మీద నువ్వుల్లాంటిది ఈ పొర, గీకితే పోతుంది.

మన వేడికి, తడికి ఈ మందు ఎక్కువ కాలం నిలవదు. రెండు నెలలకు మించి ఆశ పెట్టుకోవద్దని చెప్పాను. రెండో దఫా డిసెంబరు చివర్లో, వానలు తగ్గాక, ముందు చేతి కలుపు తీసి కొట్టారు. మార్చిలో ఇంకొకటి కావాలని యజమాని అడిగితే కొత్తగా కవర్ మార్చిన బ్లాకులకే ఒప్పుకున్నాను. ఎండాకాలంలో కలుపు కవర్లలోనే మొలుస్తుంది, దారులు ఎండి ఉంటాయి, అక్కడ మందు దండగ.

మందుకు బదులు కొన్ని వరసల్లో వరి ఊక కూడా చూశాం. నెల్లూరులో రైస్ మిల్లులకు కొదవ లేదు, ఊక చవక. కవర్ మట్టి మీద అంగుళం మందాన వేస్తే పై పొర ఎప్పుడూ పొడిగా ఉండి, దాని మీద పడ్డ గింజ మొలవదు. ఉప్పుడు బియ్యం మిల్లు ఊక అయితేనే మంచిది. పచ్చి మిల్లు ఊకలో మిగిలిన వడ్లు మొలిచి కవర్లలో నారు లేస్తుంది. ఊక గాలికి ఎగురుతుంది, అదొక్కటే బాధ. నెట్ లోపల మందు వద్దన్నాం కదా, అక్కడ ఇదే స్థిరపడింది. నన్నడిగితే ఐదు వందల కవర్ల లోపు ఉన్న చిన్న నర్సరీలు మందు జోలికి పోకుండా ఊక, చేతి కలుపుతో సరిపెట్టుకోవడమే మేలు.

ఒంగోలు వెంచర్

ఈ నర్సరీ మొక్కలే కొన్ని ఒంగోలు దగ్గర ఒక వెంచర్‌కు వెళ్లాయి. అక్కడి తోట పని కూడా మాకే వచ్చింది, కాబట్టి అదే పద్ధతిని నల్లరేగడిలో చూసే వీలు దొరికింది. బంకమట్టి మందును గట్టిగా పట్టుకుంటుంది. కోవూరు ఇసుకలో సరిపోయిన మోతాదు ఇక్కడ కాస్త తక్కువనిపించింది. అసలు ఇబ్బంది వేరే చోట వచ్చింది. రేగడి ఎండితే పగుళ్లు వేస్తుంది. పగులు పడిన చోట పొర తెగిపోతుంది, కలుపు కూడా సరిగ్గా ఆ పగుళ్ల గీతల వెంటే లేచింది. మోతాదు పెంచి లాభం లేదు. మందు కొట్టి, నీళ్లు పోసి, ఆపైన వేరుశనగ పొట్టు రెండు మూడు అంగుళాలు పరిచాం. నేల తడి ఆరకపోవడంతో పగుళ్లు తగ్గాయి, పొర నిలిచింది.

కొత్తగా పరిచిన లాన్ మీద కూడా ఇదే మందు కొట్టేద్దామని అక్కడి సూపర్‌వైజర్ పట్టుబట్టాడు. కుదరదన్నాను. లాన్ గడ్డి పాకే తీగ కణుపు కణుపునా వేరు దించితేనే నేలను పట్టుకుంటుంది. పెండిమిథాలిన్ ఆ వేరునే ఆపుతుంది. లాన్ పూర్తిగా అల్లుకున్నాక ఆలోచించవచ్చు. వెడేలియా లాంటి పాకే మొక్కలకూ ఇదే వర్తిస్తుంది. బంతి గింజలు చల్లుదామనుకున్న బెడ్డునూ వదిలేశాం. గింజ చల్లే నేలలో ఈ మందుకు బంతి గింజా ఒకటే, కలుపు గింజా ఒకటే. ఇదే కారణంతో, మందు పడ్డ పాత కవర్ల మట్టిని ఆకుకూరలు, పూల నారు పోయడానికి వాడవద్దని నర్సరీలోనూ చెప్పాం.

తుంగ మాత్రం రెండు చోట్లా అలాగే ఉంది. అది గింజ నుంచి కాదు, నేలలోని గడ్డల నుంచి లేస్తుంది. మొలవక ముందు కొట్టే ఈ రెండు మందులకూ అది లొంగదు. పైగా మిగతా కలుపు పోయి, వెలుతురు, నీళ్లు తనకే దక్కడంతో కోవూరు మూల బ్లాకులో అంతకుముందు కంటే ఒత్తుగా వచ్చింది. చెరకులో తుంగ మీద కొట్టే హాలోసల్ఫ్యూరాన్ గురించి యజమాని విని ఉన్నాడు. పూల మొక్కల మధ్య దాన్ని కొట్టమని నేను చెప్పను. ఎర్రమట్టి ట్రేలో ముందే కనబడిన గడ్డలే ఇవి. ఆ ఎర్రమట్టి తేవడం ఆపేశారు. కొత్త మట్టి తెచ్చినప్పుడల్లా ట్రే పరీక్ష చేస్తున్నారు. తుంగ ఉన్న కవర్లను విడదీసి, గన్నేరు మొక్కల వేర్లు కడిగి కొత్త మట్టిలోకి మార్చారు. పాత మట్టిని ఏప్రిల్, మే ఎండల్లో తడిపి, జానెడు మందాన పరిచి, పారదర్శక పాలిథిన్ కప్పి అంచులు మట్టితో మూసి ఉంచారు. దాంతో గింజలు చాలావరకు చస్తాయి, గడ్డలు అన్నీ చావవు. అందుకని జల్లెడ పట్టి గడ్డలు ఏరాకే దాన్ని మళ్లీ వాడాలని, అదీ దారులు ఎత్తు చేయడానికి మాత్రమేనని మాట్లాడుకున్నాం.